ఆరో భుజంగుడ్డ

పొడిగా ఉన్నంతసేపూ మల్లుగుడ్డ పెద్దమనిషిలా ఉంటుంది, తడిసిందా, కడుపులో ఉన్నదంతా బయటపెడుతుంది. రీకా వంటింటి బల్ల మీద నల్లటి ముక్క పరిచి, దాని మీద తెల్లటి మల్లు ఒక పొర వేసి, గోరువెచ్చటి పాలలో వేలు ముంచి ఒక చుక్క వదిలింది. చుక్క కాసేపు పూసలా నిలబడి, తరవాత గుడ్డలోకి దిగిపోయింది. దిగినచోట బొత్తామంత మేర నలుపు పైకి తేలింది. బాగానే ఉంది, కాని ఒక పొర చాలదు, పాలు పడకముందే బూడిదరంగు తెలిసిపోతోంది, ఎదురింటి హెర్మీన్ కళ్ళకి ఆ మాత్రం చాలు, "ఇదేంటి రీకా, ఉతికిన గుడ్డేనా ఇది?" అని అందరి ముందూ అనేస్తుంది. రెండు పొరలు వెయ్యాలి. లేదా మూడు. ఎండినప్పుడు మీగడలా తెల్లగా ఉండాలి, తడిసినప్పుడు మాత్రం లోపలున్నది లేచి రావాలి. పాపకి పాలు తాగించాక భుజాన వేసుకుని వీపు నిమిరేటప్పుడు, కక్కిన పాలు బట్టల మీద పడకుండా భుజమ్మీద వేసుకునే గుడ్డ ఇది. ఏ భుజం తడవాలో రీకాకి ముందే తెలుసు.

మధ్యాహ్నం తిన్న పళ్ళెం ఇంకా తొట్టిలోనే ఉంది. వీధి చివర కొట్టంలో ముసలి డేర్క్ నిచ్చెన కడుగుతున్న చప్పుడు, బకెట్టు గచ్చుమీద ఈడ్చిన చప్పుడు, ఎవరో ఆడవాళ్ళ నవ్వు. ఇంకో గంటలో వీధి వీధంతా కలిసి ఎండుద్రాక్షల రొట్టెని, నిచ్చెనంత పొడుగు రొట్టెని, ఆ నిచ్చెన మీదే పడుకోబెట్టి భుజాలకెత్తుకుని హెర్మీన్ మొగుడు విల్లెమ్ గుమ్మానికి తీసుకెళ్తారు. బిడ్డ పుట్టిన ఇంటికి రొట్టె వెళ్ళాలి. ఇల్లు ఎవరిదైనా వెళ్ళాలి, మాటలున్నా లేకపోయినా వెళ్ళాలి, పురుడొస్తే రొట్టె, చావొస్తే భుజం, ఈ ట్వెంటె సీమలో పొరుగువాడంటే అంతే, ఇష్టాయిష్టాలతో పని లేదు. ఎదురిల్లు కాబట్టి రీకా అందరికన్నా ముందు నడవాలి, చేతిలో పాప కోసం తను కుట్టినదేదో ఒకటి ఉండాలి. పొద్దున డేర్క్ కిటికీలోంచి తొంగిచూసి, "ఏం రీకా, వస్తున్నావా, లేకపోతే నీకూ భుజం నొప్పి పట్టుకుందా?" అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు, పాపం, ముసలాయన నోటికి గొళ్ళెం ఉండదు. "నాకు నొప్పి భుజంలో కాదు డేర్క్" అంది రీకా. ఆయన టోపీ సర్దుకుని, "రొట్టె మూడింటికి బయల్దేరుతుంది" అని వెళ్ళిపోయాడు.

కోడలు గర్భవతి అని హెర్మీన్ రొట్టెలకొట్టు దగ్గర చెప్పిన రోజునే రీకా మనసులో కత్తెర పడింది. అప్పుడు అనుకున్నది వేరు. అప్పుడు కోపం చిన్నబుద్ధితో ఉండేది. పైన గొర్రెపిల్లల బొమ్మల పాప్లిన్, కింద మెత్తటి ఫ్లానెల్, మధ్యలో పాత వానకోటు లైనింగు. నైలాను. చూసేవాళ్ళకి ఎంత ముద్దుగా ఉంటుందో చెప్పలేం, పాలు పడితే మాత్రం చుక్క కూడా తాగదు, జర్రున జారి అంచుదాకా పోయి, హెర్మీన్ ఆదివారం ప్రార్థనకి వేసుకొచ్చే పట్టు జాకెట్టు వీపులోకి దిగుతుంది. వెనక బల్ల మీద కూర్చున్న రీకా ఆ చార చూస్తూ కీర్తన పాడుతుంది. ఎన్ని రాత్రులు ఆ చారని తలుచుకుని నవ్వుకుందో. ఇంకోటి కూడా అనుకుంది, కొత్త ఫ్లానెల్‌ని ఉతక్కుండా కుట్టేస్తే మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి, పాప్లిన్ ముడుచుకోక, గుడ్డ అప్పడంలా వంకరపోతుంది, హెర్మీన్ తీగ మీద అవన్నీ వరసగా వంకరటింకరగా వేలాడతాయి. కాని ఆ తీగ రోడ్డుకే కదా, దారినపోయే ప్రతివాళ్ళూ చూసి ఎవరు కుట్టారంటే, రీకా కుట్టిందంటారు. శత్రువు తీగ మీద తన పేరు ఆరేసుకోవడమా. ఇక నైలాను, అది కూడా నిలవలేదు. కొలతకి ఒకటి కుట్టి, తన భుజాన వేసుకుని, అద్దం ముందు నిలబడి చెంచాతో పాలు పోసుకుంది. సగం వీపులోకి పోయింది, నిజమే. మిగతా సగం వెనక్కి మళ్ళి, పాప చెంప ఉండాల్సిన చోట మడుగు కట్టింది. అక్కడ, మెడ మడతలో, పసిచర్మం ఎర్రగా కంది పుండవుతుంది. రీకా ఆ గుడ్డని విప్పదీసి పొయ్యిలో పడేసింది. నైలాను కాలిన కంపు రెండు రోజులు వంటింట్లోంచి పోలేదు. పాపతో తనకేం పగ.

పగ ఎవరితోనో సూటిగా వాళ్ళమీదే పడాలి, పక్కకి చిందకూడదు, అది కూడా కుట్టుపనే.

నల్లగుడ్డ. రీకా దాన్ని మళ్ళీ అరచేత్తో సాపు చేసింది. ఫ్లానెలే, నలుపు, ఎన్నో ఉతుకులు ఉతికి పిల్లి చెవిలా మెత్తబడింది. మొగుడు బెరెండ్ ఆఖరి చలికాలంలో, మంచం కిటికీ దగ్గరికి జరిపించుకున్న రోజుల్లో, "మా నాన్నని బండి మీద తోసుకుపోలేదే, భుజాల మీద మోశారు, ఈ పెద్దతలుపులోంచి చర్చి గేటు దాకా" అన్నాడు. "నన్ను కూడా" అనలేదు. అడిగే మనిషి కాదు. చలిలో శవపేటిక అంచు భుజాన్ని కోసేస్తుందని, బెరెండ్ ఏమీ తేలికైన మనిషి కాదని, రీకా ఆరుగురికీ ఆరు గుడ్డలు కుట్టింది, పైన నల్ల ఫ్లానెల్, లోపల పాత టర్కీ తువ్వాలు రెండు మడతలు, మూలన తెల్లదారంతో ఒక్కొక్కరి పేరు మొదటి అక్షరం. మొగుడు పక్కగదిలో ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే మిషను తొక్కిన చప్పుడు అతనికి వినపడేది, ఏం కుడుతున్నావని ఒక్కసారి కూడా అడగలేదు, తెలుసు కాబట్టి. డేర్క్‌కి ఒకటి, వీధిలో మిగతా నలుగురికీ తలా ఒకటి. విల్లెమ్‌కి ఒకటి. కంచె దగ్గర గొడవ జరిగి ఎన్నేళ్ళో అయింది, ఇద్దరి పొలాల మధ్యనున్న బీచ్‌చెట్ల కంచెని బెరెండ్ జానెడు ఎక్కువ కత్తిరించాడట, జానెడు! ఆ జానెడు ఆకుల కోసం విల్లెమ్ మాట మానేశాడు, బెరెండ్ కూడా మానేశాడు, ఇద్దరూ ఇద్దరే, రోడ్డుకి చెరో పక్కన ఎద్దుల్లా తలలు వంచుకుని నడిచేవాళ్ళు. అయినా ఎదురింటివాడు ఎదురింటివాడే. మాటలు పోతాయి, భుజం పోదు. అందుకే బెరెండ్ అంత్యక్రియల పొద్దున, గడ్డిమీద మంచు కరగకముందే, రీకా ఆరో గుడ్డ పట్టుకుని తనే ఎదురు గుమ్మం ఎక్కింది. తలుపు సగమే తెరుచుకుంది. విల్లెమ్ గుడ్డని చేతిలోకి తీసుకున్నాడు, మూల తిప్పి అక్షరం చూశాడు, వేలితో తడిమాడు కూడా, తరవాత తిరిగిచ్చేశాడు. "కుడిభుజం పట్టేసింది రీకా. చెయ్యి లేవట్లేదు." వెనక నుంచి హెర్మీన్ గొంతు, "చలి లోపలికొస్తోంది, తలుపేసెయ్యి!"

వేశాడు.

ఆరోచోటుకి అంత్యక్రియల కంపెనీ నుంచి ఒక కుర్రాణ్ణి పెట్టారు, మెరిసే బూట్లు, తెల్ల చేతిజోళ్ళు, మిగతావాళ్ళ చెవిదాకా వచ్చే ఎత్తు. గుడ్డ ఇస్తే "మాకు అక్కర్లేదండీ" అన్నాడు మర్యాదగా. పేటిక లేచింది. లేవగానే కుడివైపు వెనకమూల కిందికి దిగింది. పెద్దతలుపు నుంచి చర్చి గేటు దాకా ఆ మూల దిగే ఉంది, రీకా దాని వెనకే నడిచింది, పూలు జారకుండా డేర్క్ ఒక చేత్తో అదిమి పట్టుకున్నాడు, లోపల బెరెండ్ కూడా ఒక పక్కకి జారి ఉంటాడు, భుజం చెక్కకి ఆనుకుని ఉంటుంది, జీవితంలో ఎప్పుడూ గోడకి కూడా ఆనుకుని నిలబడని మనిషి. ఒరిగిపోయి వెళ్ళాడు. ఏడుపు రాలేదు, ఆ మూల మీంచి కళ్ళు తిప్పుకోలేక ఏడుపు మరిచిపోయింది. దారి పొడుగునా ఆ ఆరోగుడ్డ గుప్పిట్లోనే ఉంది, ఇంటికొచ్చి చూసుకుంటే గోళ్ళు దిగిన గుర్తులు. మిగతా ఐదూ గోతిలోకి వెళ్ళాయి, డేర్క్ మొదట తనది తీసి పేటిక మీద వేశాడు, అతన్ని చూసి తక్కినవాళ్ళూ వేశారు. ఆరోది అల్మరాలో దుప్పట్ల కిందికి పోయింది.

పోనీ నిజంగానే భుజం పట్టేసిందేమో అనుకుంది కూడా. అనుకోవాలని చూసింది. మనిషి అన్నాక నొప్పులుంటాయి. ఆ తరవాత ఈస్టరు మంటకి ఊళ్ళో కట్టెలు పోగేసే రోజులొచ్చాయి, రీకా కిటికీ దగ్గర బంగాళాదుంపలు చెక్కుతోంది, బయట అరుపులు, ట్రాక్టరు, ఆ ట్రాక్టరు వెనక విల్లెమ్. ఒక పైన్‌దుంగ, మనిషంత పొడుగు, మనిషంత లావు. కుడిభుజం మీద. ఒక్కడే. "తప్పుకోండి, తప్పుకోండి, ముసలాళ్ళు, ఆడవాళ్ళు తప్పుకోండి!" అని నవ్వుతూ, నోట్లో సిగరెట్టు పెట్టుకుని. దుంగ తిన్నగా ఉంది. అటూ ఇటూ వేలెడు ఒరగలేదు. దాన్నే మరిచిపోలేకపోయింది రీకా, అంత తిన్నగా మొయ్యడం వచ్చినవాడు. చాకు వేలికి తగిలింది, రక్తం బంగాళాదుంప మీద కారింది, ఆ దుంపని పారేసి ఇంకోటి అందుకుంది.

మూడు పొరలు. ఇప్పుడు పైకి ఏమీ తెలియట్లేదు. రీకా చెంచాతో పాలు పోసింది, ఈసారి ఒక పాప కక్కేటంత. మొదట ఏమీ కాలేదు. తరవాత మెల్లిగా, నీళ్ళడుగు నుంచి చేప పైకి వచ్చినట్టు, నలుపు లేచింది. నలుపు మధ్యలో తెల్లదారం అక్షరం, మసగ్గా, కాని చదువుకోవచ్చు. వి. విల్లెమ్ వి. ఆరబెట్టి ఇస్త్రీ పెడితే మళ్ళీ తెలుపు. ఉతికిన ప్రతిసారీ మాయమౌతుంది, తడిసిన ప్రతిసారీ వస్తుంది. పసిపిల్ల రోజుకెన్నిసార్లు కక్కుతుంది, ఎన్నాళ్ళు కక్కుతుంది. దేవుడా, మంచి తిండిపోతు పిల్లని చెయ్యి దాన్ని.

అమ్మ ఉంటే చెంప పగలగొట్టేది. చావు కోసం కుట్టిన గుడ్డ పసిబిడ్డ కిందా, నీకు మతి ఉందా రీకా. అమ్మా, ఈ గుడ్డ చావుని తాకలేదే. తాకనివ్వలేదు కదా వాడు. తాకి ఉంటే ఇవాళ ఐదింటితోపాటు మట్టిలో ఉండేది, నేను గొర్రెపిల్లల బొమ్మలు కుట్టుకుంటూ ఉండేదాన్ని. రంగు దిగుతుందేమోనన్న అనుమానం కూడా ఉంచుకోలేదు, వెనిగరు వేసి ఉడకబెట్టింది, తెల్లపీలికతో కలిపి మళ్ళీ ఉడకబెట్టింది, పీలిక తెల్లగానే బయటికొచ్చింది. లోపలి టర్కీ తువ్వాలు మాత్రం ఎంతైనా తాగుతుంది, బెరెండ్ స్నానం చేసి వీపు తుడుచుకున్న తువ్వాలు, పాతదైన కొద్దీ దాహం పెరిగింది దానికి. పాప చెంపకి తగిలేది మూడు పొరల మల్లు, గంజి పూర్తిగా వదిలేదాకా ఉతికినది, దానికన్నా మెత్తనిది ఈ వీధిలో ఏ ఇంట్లోనూ లేదు. చుక్క కిందికి దిగదు, పక్కకి జారదు. పాపకి ఏ లోటూ లేదు. పాప తల్లికి, ఆ ఇంటి కోడలు లొట్టెకి కూడా ఏ లోటూ ఉండకూడదు, ఆ పిల్ల పెళ్ళై ఈ వీధికొచ్చేటప్పటికే బెరెండ్ పోయి ఏడాది, దానికేం తెలుసు. నిండు కడుపుతో రోడ్డు దాటి వచ్చి, "రీకా పిన్నీ, కొట్లో దొరికేవి రాయిలా ఉన్నాయి, మీరు కుట్టిపెడతారా" అని అడిగింది, అత్తకి తెలీకుండా వచ్చిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. అందుకే లొట్టె కోసం ఐదు, పైన మల్లు, మధ్యలో టర్కీ, కింద తెల్ల ఫ్లానెల్, ఏ మతలబూ లేనివి, మెడ దగ్గర ఒదిగేలా నడుము చిక్కించి కత్తిరించినవి. అవి నిన్ననే అయిపోయాయి. ఇది ఆరోది.

రీకా పాలు పడ్డ పొరల్ని జాడించి, ఇస్త్రీతో ఆరబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చింది. అన్నిటి పడుగూ, అంటే నిలువుదారం, ఒకే దిక్కుకి ఉండాలి, లేకపోతే ఉతుకులో ఒకటి అటు లాగితే ఇంకోటి ఇటు లాగుతుంది, కాపురంలాగే. గుండుసూదులు. మిషను చక్రం చేత్తో తిప్పి మొదటి కుట్టు వేసింది. చుట్టూ కుట్టి, మూడు వేళ్ళు పట్టేంత సందు వదిలి, ఆ సందులోంచి గుడ్డని లోపలిది బయటికి తిప్పింది, నలుపు ఒక్కసారి కనపడి తెలుపులోకి మునిగిపోయింది. వద్దులే, ఇక్కడే ఆపెయ్, ఐదూ పట్టుకెళ్ళు, రొట్టె తిను, కాఫీ తాగు, ఇంటికిరా. ఆ గొంతు ఎవరిదో తెలుసు. బెరెండ్ అలాగే అంటాడు. అనేవాడు. "పోనీలే రీకా." కంచె సంగతి నువ్వు పోనిచ్చావా బెరెండ్? నువ్వు పోనివ్వనిది నన్ను పోనిమ్మంటావా? సందు మూసేసింది. మధ్యలో నిలువునా ఒక కుట్టు వేసింది, పొరలు కదలకుండా. ఇస్త్రీపెట్టె బరువుగా ఆనించింది. తెలుపు. ఆరింటినీ మడిచి, నీలం రిబ్బను కట్టి, ఆరోది అన్నిటికన్నా పైన పెట్టింది.

బయట నిచ్చెన వచ్చేసింది. రొట్టె వాసన రోడ్డంతా ఉంది. "ముందు నడు రీకా, నువ్వు లేకపోతే దారి తెలీదు మాకు" అని డేర్క్ అరిచాడు, దారి ఇరవై అడుగులే. విల్లెమ్ పెద్దతలుపు ఈసారి పూర్తిగా తెరిచే ఉంది. "కాళ్ళు తుడుచుకోండి, కాళ్ళు! మట్టంతా నా గచ్చు మీదకే!" అని హెర్మీన్, పట్టు జాకెట్టులో. "రొట్టె పొడుగు, పాప పొట్టి, ఆ తేడా మేం తాగి సరిపెడతాం" అని డేర్క్, అందరూ నవ్వడం, నిచ్చెన బల్ల మీదికి దిగడం, కత్తి, వెన్న, చిన్నగ్లాసుల్లో బ్రాందీలో నానిన ఎండుద్రాక్షలు. లొట్టె పొయ్యి పక్కన కుర్చీలో పాపకి పాలిచ్చి రవిక సర్దుకుంటోంది, కళ్ళ కింద నలుపు, మొహం నిండా నవ్వు. రిబ్బను విప్పి గుడ్డని చెంపకి ఆనించుకుంది. "అబ్బ, ఎంత మెత్తగా ఉన్నాయి పిన్నీ!"

"ఇటివ్వు పిల్లని, నా దగ్గరైతే వెంటనే తేన్చుతుంది" అన్నాడు విల్లెమ్, గొప్పగా చేతులు చాపి.

"ఉండు, చొక్కా పాడవుతుంది" అంది రీకా. పైనున్న గుడ్డ తీసింది. ఇన్నేళ్ళలో అతనితో అన్న మొదటి మాట అదే, అందరూ విన్నారు, హెర్మీన్ గ్లాసు నింపడం ఆపింది. "నొప్పి ఏ భుజానికి విల్లెమ్?"

"నొప్పేంటి? ఇప్పుడేం లేదు."

"కుడి అన్నావు అప్పుడు." కుడిభుజం మీద పరిచింది, అంచు లాగి, వీపు వైపు సాపు చేసి, ఆ రోజు ఎలా పరచాలనుకుందో అలాగే. లొట్టె పాపని అందించింది. విల్లెమ్ పెద్దచెయ్యి చిన్నవీపు మీద, తట్టడం, గదంతా ఎదురుచూడడం, ఒక పెద్ద తేనుపు, నవ్వులు, తేనుపు వెంట గుక్కెడు పాలు. పాలు అతని వీపు వైపు పడ్డాయి. అతనికి కనపడదు. అతని వెనక నిలబడ్డవాళ్ళు ఆ రోజు మోసినవాళ్ళే, వాళ్ళకి కనపడుతుంది. రీకా గుడ్డవైపు చూడలేదు, డేర్క్ మొహం చూసింది. ముసలాయన నవ్వు మెల్లిగా జారిపోయింది, చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు, టోపీ తీశాడు. తలుపు దగ్గర ఇంకొకడు కూడా తీశాడు.

"ఏంటా మరక?" అంది హెర్మీన్.

"మరక కాదు" అన్నాడు డేర్క్. "ఆరోది."

విల్లెమ్ చెయ్యి పాప వీపు మీదే ఆగిపోయింది. తల తిప్పి చూడబోయాడు, ఎంత తిప్పినా తన భుజం వెనక తనకి కనపడలేదు, కాని చూడక్కర్లేకపోయింది, మెడ నుంచి చెవులదాకా రంగు పాకింది. "తియ్యి" అన్నాడు. "రీకా. తియ్యి దీన్ని."

"పాప నిద్రపోయింది. కదిపితే లేస్తుంది." అతని ముందుకొచ్చి నిలబడింది. "మొయ్యి విల్లెమ్. ఒక పక్కకి ఒరగనివ్వకు."

అతను కదల్లేదు. విల్లెమ్ దుంగ మోసినంత తిన్నగా నిలబడి ఉన్నాడు. రీకా తన గుప్పిట విప్పి చూసుకుంది, ఈసారి గోళ్ళ గుర్తులేమీ లేవు. బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె ముక్క ఒకటి తీసుకుని దాని మీద వెన్న రాసింది, మందంగా, అంచుదాకా, తొందరేమీ లేకుండా.